ఆషూరా (మొహర్రం పదో రోజు) నాడు ఉపవాసం ఎందుకు?

ప్రశ్న: మా మేడ మీద అద్దెకుండే అమ్మాయికి మొహర్రం పదో రోజున ఇడ్లీ ఇవ్వబోతే "ఈరోజు రోజా ఆంటీ" అంది. రంజాన్ నెల కాదు కదా! పైగా పీర్ల పండుగ సంతాప దినమని విన్నాను. మరి ఉపవాసం ఎందుకు? ఆమెకు శుభాకాంక్షలు చెప్పొచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, చిత్తూరులో చిన్నప్పుడు నేనూ మా దాదీని (నాన్నమ్మను) ఇదే అడిగాను. తెల్లవారకముందే లేపి, ఇంత పెరుగన్నం తినిపించి "నియ్యత్ చేసుకో", అంటే ఉపవాసానికి సంకల్పం చెప్పుకో, అనేది. పొద్దెక్కేసరికి పీర్ల సావిడి దగ్గర డప్పులు మోగేవి. మా ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగేది కాదు.

"ముందు మూసా కథ విను, హుసేన్ కథ తర్వాత" అనేది దాదీ. ఈజిప్టు రాజు ఫిరౌన్ బారి నుంచి మూసా (మోషే) ప్రవక్తను, ఆయన జనాన్ని అల్లా కాపాడిన రోజు అది. అందుకు కృతజ్ఞతగా మదీనాలో యూదులు ఉపవాసం ఉండటం చూసి, ముహమ్మద్ ప్రవక్త (స) తానూ ఉండి, తన వాళ్లనూ ఉండమన్నారు. ముస్లింల క్యాలెండర్ ప్రకారం హిజ్రీ 2లో రంజాన్ ఉపవాసాలు విధి అయ్యాక, ఇది ఇష్టమైనవాళ్లు ఉండేదయింది. గడిచిన ఏడాది పాపాలు దీనితో క్షమించబడతాయని ప్రవక్త ఆశ చెప్పారు. తొమ్మిదో రోజు కూడా ఉండాలని ఆయన అనుకున్నారు కాబట్టి చాలామంది రెండు రోజులు ఉంటారు. దాదీ డెబ్బై దాటాక కూడా రెండూ వదల్లేదు.

ఇరాక్‌లోని కర్బలాలో జరిగింది ఆ తర్వాతి మాట. హిజ్రీ 61లో, అంటే క్రీ.శ. 680లో, ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్‌ను ఇదే పదో రోజున దాహంతో అల్లాడించి చంపారు. మన సీమలో హిందువులూ పీర్లకు చక్కెర చదివిస్తారే, అది ఆయన జ్ఞాపకమే. షియాలకు ఇది పూర్తిగా శోక దినం, ఉపవాసం పద్ధతి కూడా వేరు. సున్నీలమైన మాకు రోజా మూసా కోసం, కన్నీళ్లు హుసేన్ కోసం. రెండూ ఒకే రోజు ఎలా అంటే, దాదీ పొద్దున నవ్వుతూ లేపేది, మధ్యాహ్నం కర్బలా చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకునేది. నాకు అంతకన్నా వివరంగా చెప్పడం రాదు.

మొహర్రంతో హిజ్రీ కొత్త ఏడాది మొదలయ్యే మాట నిజమే కానీ, పదో రోజున "హ్యాపీ మొహర్రం" అనొద్దమ్మా. వచ్చే ఏడాది ఆ సాయంత్రం మగ్రిబ్ అజాన్ (పొద్దుగూకాక నమాజు పిలుపు) వేళకు నాలుగు ఖర్జూరాలు, చెంబెడు మజ్జిగ పైకి పంపండి. చాంద్రమాన లెక్క కదా, పది పదకొండు రోజులు ముందే వస్తుంది. తేదీ ఆ అమ్మాయినే అడగండి.