చదవడానికి పుస్తకమే లేనప్పుడు ఓపెన్ లైబ్రరీలో వివరాలు ఎందుకు ఎక్కించాలి?

ఓపెన్ లైబ్రరీ అంటే ఎవరైనా పుస్తకాల వివరాలు చేర్చగలిగే ఇంటర్నెట్ కేటలాగు. అందులో తెలుగు పుస్తకాలు చదవడానికి పెద్దగా దొరకవు కదా, మరి వాటి వివరాలు ఎక్కించి ఏం లాభం అని అడిగారు. విశాఖలో కూర్చుని నేను చేస్తున్నది ఆ పనే కాబట్టి చెప్తాను.

చదివించడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. పుస్తకాలు, వెబ్ పేజీలు భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ వాళ్లు 2007లో దాన్ని తెచ్చినప్పుడే, స్కాన్ ఉన్నా లేకపోయినా అచ్చయిన ప్రతి పుస్తకానికీ ఒక పేజీ ఉండాలనుకున్నారు. స్కాన్ చేసిన పుస్తకాలు అరువిస్తున్నారని ప్రచురణకర్తలు వేసిన కేసులో ఆర్కైవ్ వాళ్లు 2024లో అప్పీలు కూడా ఓడిపోయారు. 5 లక్షలకు పైగా పుస్తకాలు అరువివ్వడం ఆపాల్సి వచ్చింది. అయినా కేటలాగు పేజీలు అలాగే ఉన్నాయి.

మనకు ఆ పేజీలే ముఖ్యమని నా నమ్మకం. సీతమ్మధారలో మా పెదనాన్నగారు పోయాక ఆయన బీరువాలు సర్దాం. చాలావాటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) లేదు. రచయితే సొంత డబ్బుతో వేయించుకున్నవి, "ప్రతులకు" అన్నచోట ఆయన ఇంటి అడ్రసే ఉన్నవి ఎన్నో. పేరు కొట్టి వెతికితే నెట్‌లో ఆనవాలు కూడా లేదు. ఒక్కొక్కటీ ఎక్కించి, అన్నిటినీ ఒక లిస్టుగా చేసి ఇంట్లోవాళ్లకు లింకు పంపాను. ఎవరికేం కావాలో తేలిపోయింది. అదే లిస్టు చూసి, ఆంధ్రా యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి తన దగ్గరున్నది మలి ముద్రణ అని గ్రహించి, మొదటిది చూడటానికి ఇంటికొచ్చింది. రచన ఒకటే, ముద్రణలు వేరు అని విడదీసి చూపడం ఈ కేటలాగులో నాకు బాగా నచ్చిన సంగతి.

పేర్ల గొడవ ఇంకొకటి. మన విశాఖ రావిశాస్త్రి గారినే చూడండి. ఒకచోట కలంపేరు, ఇంకోచోట రాచకొండ విశ్వనాథశాస్త్రి, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఎవరి స్పెల్లింగు వాళ్లది. ఇక్కడ వాటన్నిటినీ ఒకే రచయిత పేజీలో మారుపేర్లుగా చేర్చవచ్చు.

ద్వారకానగర్ లైబ్రరీలో ఆ పుస్తకం ఏ అరలో ఉందో మాత్రం ఇది చెప్పదు. కానీ సమాచారమంతా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు కాబట్టి, ఇంకా రిజిస్టర్లతోనే నడుస్తున్న చిన్న గ్రంథాలయానికి అది మంచి ఆసరా.

మొదలుపెడితే ముందు తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ వెతకండి, లేకపోతేనే కొత్తగా చేర్చండి. పేరు తెలుగు లిపిలోనే ఇవ్వండి. ముద్రణ సంవత్సరం, ప్రచురణకర్త, ఊరు చాలాసార్లు అట్ట మీద ఉండవు, లోపలి పేజీలో చూసి రాయండి.