పన్ను చూపించుకోవడానికి వెళ్తే నాలుక ఎందుకు చూశారు?

ప్రశ్న: పన్ను నొప్పని వెళ్తే డాక్టరుగారు నాలుక పట్టుకుని పక్కలు చూశారు, మెడ తడిమారు, సిగరెట్ అలవాటుందా అని అడిగారు. నాకు క్యాన్సర్ అని అనుమానమా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి, అది అందరికీ చేయాల్సిన పరీక్షే, మీ డాక్టరు శ్రద్ధగా చేశారు. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు, అందుకే మనకు మనం పట్టుకోలేం. నాలుక పక్కలు, నాలుక కింది భాగం అద్దంలో సరిగా కనిపించవు కూడా. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ (ఎర్రదైతే ఇంకా జాగ్రత్త), గడ్డ, రెండు వారాలైనా మానని పుండు, ఇవన్నీ డాక్టర్ల కంటికే ముందు పడతాయి. పదునైన పన్ను గీసుకుని పుండు పడితే ఆ పన్నును నున్నగా చేసి రెండు వారాలకు మళ్లీ రమ్మంటారు, అప్పటికీ పుండు మానకపోతే అందులోంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి (క్యాన్సర్ ఉందేమో చూసే ల్యాబ్ పరీక్షకు) పంపిస్తారు. తప్పకుండా మళ్లీ వెళ్లండి, నొప్పి లేదు కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు.

సిగరెట్ సంగతి దాచకండి. పొగాకు, మద్యం రెండూ ఉంటే ముప్పు బాగా పెరుగుతుంది. మానడానికి సాయం కావాలని ఆయన్నే అడగండి, అదీ వాళ్ల పనే.