మంచి స్ట్రైకర్ మంచి కోచ్ కాగలడా? కాగలడు, ఓనరు కానిస్తే

"ఫుట్‌బాల్‌లో పేరున్న స్ట్రైకర్లు, అంటే గోల్స్ కొట్టే ఆటగాళ్లు, కోచ్‌లుగా ఎందుకు నిలబడలేరు?" అని ఒకరు అడిగారు. నిలబడలేకపోవడం కాదండీ, నిలబడనివ్వరు.

ఈ ప్రశ్న వస్తే చాలు, అందరూ పేరుమోసిన కోచ్ గ్వార్డియోలా పేరు ఎత్తుకుంటారు. ఆయన స్ట్రైకరే కాదు మహాప్రభో! నాకైతే స్ట్రైకర్‌గా ఆడి కోచ్ అయిన వాల్దాస్ ఇవనౌస్కాస్ గుర్తొస్తాడు. లిథువేనియా మనిషి, ఊరు కౌనస్. 1987లో సోవియట్ లీగ్‌లో మూడో స్థానం కొట్టిన విల్నియస్ జట్టు జల్‌గిరిస్‌లో ఆడాడు. తర్వాత ఆస్ట్రియా వియన్నా అనే క్లబ్బుకి వెళ్లి లీగ్ టైటిళ్లు గెలిచాడు, ఆ తర్వాత నాలుగేళ్లు జర్మనీ క్లబ్బు హాంబర్గ్‌లో ఆడాడు. ఆట సంగతి ఇక చాలు.

నేను 2005లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో, హెరియట్-వాట్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి చేరాను. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు హార్ట్స్ ప్రాక్టీసు చేసేది మా రికార్టన్ క్యాంపస్‌లోనే. క్రికెట్ తప్ప ఏమీ తెలియని నాకు ఫుట్‌బాల్ అలా అంటుకుంది. ఆ సీజన్‌లో జార్జ్ బర్లీ అనే కోచ్ మొదటి 8 లీగ్ మ్యాచులూ గెలిపించాడు. జట్టు టాప్‌లో ఉండగానే అక్టోబర్‌లో వెళ్లిపోయాడు. తర్వాత గ్రాహం రిక్స్ వచ్చాడు, మార్చిలో ఆయన్నీ పంపేశారు. ఓనరు వ్లాదిమిర్ రొమనోవ్, లిథువేనియా బ్యాంకు ఆసామి. జట్టులో ఎవరు ఆడాలో కూడా ఆయనే చెబుతున్నాడని పేపర్లు కోడై కూశాయి. అలాంటి కొంపలోకి కోచ్‌గా దిగాడు ఇవనౌస్కాస్. దిగిన కొద్దిరోజులకే కప్ సెమీఫైనల్లో సాటి ఊరి జట్టు హిబ్స్‌ని 4-0తో చిత్తు చేశారు. లీగ్‌లో గ్లాస్గో పెద్ద జట్టు రేంజర్స్‌ని వెనక్కి నెట్టి రెండో స్థానం.

ఇక 2006 మే 13, స్కాటిష్ కప్ ఫైనల్. ప్రత్యర్థి గ్రెట్నా, పై నుంచి మూడో అంచె లీగ్‌లో ఆడే జట్టు. నేను హార్ట్స్ స్టేడియం ఉన్న గోర్గీ వైపు ఓ ఇండియన్ టేక్‌అవేలో ఉల్లిపాయలు తరిగే ఉద్యోగంలో ఉన్నాను. టీవీ లేదు, రేడియో ఉంది. మా హార్ట్స్ ఆటగాడు స్కాచెల్ గోల్ కొట్టగానే వంట చేసే భాయ్ గరిటె పైకెత్తి గంతేశాడు. తర్వాత గ్రెట్నా వాళ్లకి పెనాల్టీ. మా గోల్‌కీపర్ గోర్డన్ ఆపాడు, కానీ తిరిగొచ్చిన బంతిని ఆ పెనాల్టీ కొట్టినవాడే లోపలికి తన్నేశాడు. 1-1. ఎక్స్‌ట్రా టైమ్‌లో మా హార్ట్లీకి రెడ్ కార్డు. అప్పటికి షాపు తెరిచే వేళ దాటిపోయింది. షాపు ఓనరు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, మేం ఎత్తలేదు. చివరికి పెనాల్టీల్లో గోర్డన్ ఒకటి ఆపాడు, ఇంకొకటి బారుకి తగిలింది, 4-2తో హార్ట్స్‌కే కప్. రోడ్డంతా హారన్లు. అప్పుడు గానీ వాసన తగల్లేదు. ఇరవై లీటర్ల గ్రేవీ అడుగంటి బొగ్గయిపోయింది.

ఆ గ్రేవీ డబ్బు మా ఇద్దరి జీతంలోంచీ కోశాడు ఓనరు. పోనీ అది మా తప్పే. కానీ ఆ మనిషి రోజూ వంటింట్లోకొచ్చి, భాయ్ వేసిన ఉప్పు మీద మళ్లీ ఉప్పు వేసేవాడు. కస్టమర్ తిడితే మాత్రం "వంటవాడిదే తప్పు" అనేవాడు. నేను రొమనోవ్‌ని అర్థం చేసుకున్నది అక్కడే.

కప్ గెలిచిన ఇవనౌస్కాస్ అదే అక్టోబర్‌లో సిక్ లీవు మీద వెళ్లాడు. ఆయన లేనప్పుడు రొమనోవ్, డన్‌ఫర్మ్‌లిన్ జట్టు మీద గెలవకపోతే ఆటగాళ్లందరినీ అమ్మకానికి పెడతానన్నాడు. కెప్టెన్ ప్రెస్లీ, గోర్డన్, హార్ట్లీ ముగ్గురూ పత్రికల ముందు కూర్చుని, డ్రెస్సింగ్ రూమ్‌లో అశాంతి ఉందని బయటపెట్టారు. డిసెంబర్‌లో ప్రెస్లీ క్లబ్బు వదిలాడు. ఇవనౌస్కాస్ తిరిగొచ్చాడు గానీ, 2007 మార్చిలో ఆయన కథా ముగిసింది. కప్ తెచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆ తర్వాత ఎన్ని క్లబ్బులు తిరిగినా అంతటి విజయం మళ్లీ దక్కలేదు. దాంతో "కోచ్‌గా ఫెయిల్" అని రాసేస్తారు. నేనొప్పుకోను. 2013లో హార్ట్స్ దివాలా అంచుకెళ్లింది, మరుసటేడు కింది డివిజన్‌కి పడింది. అప్పుడు ఇవనౌస్కాస్ ఆ దరిదాపుల్లో కూడా లేడు కదా?

అన్నట్టు, భాయ్ ఆ శీతాకాలం రెండు వారాలు సెలవని వెళ్లి మళ్లీ రాలేదు. గరిటె నా చేతికొచ్చింది. ఓనరు ఉప్పు డబ్బా పట్టుకుని నా వెనకాలే నిలబడ్డాడు.