నీళ్లు కుదిరాకే చేపలు

ఇంట్లో మొదటిసారి ఉప్పునీటి పగడాల అక్వేరియం పెట్టుకోవాలనుకుంటున్న పాఠకులు పంపిన ప్రశ్నలివి. చాలా ఉత్తరాల నిండా చేపల పేర్లే ఉన్నాయి. నేను మాత్రం నీళ్ల గురించే ఎక్కువ రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. నీళ్లు నిలకడగా ఉంటే మిగతా కష్టాలు సగానికి సగం రావు.

ప్రశ్న: చాలా ఏళ్లుగా మంచినీటి చేపలు పెంచుతున్నాను. ఉప్పునీటి ట్యాంకు ముందు 40 లీటర్లతో మొదలుపెట్టి, చెయ్యి తిరిగాక పెద్దదానికి వెళ్దామనుకుంటున్నాను. మీరేమంటారు?
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: చోటుంటే మొదటి ట్యాంకే 150 నుంచి 200 లీటర్లది పెట్టుకోండి. నీళ్లు రోజూ ఆవిరవుతుంటాయి, ఉప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. 40 లీటర్ల ట్యాంకులో రోజుకో లీటరు చొప్పున రెండు రోజులు ఆవిరైతే, వెయ్యికి 35 పాళ్లు ఉండాల్సిన ఉప్పు దాదాపు 37కి చేరుతుంది. అవే రెండు లీటర్లు 200 లీటర్ల ట్యాంకులోంచి పోతే 35.4 కూడా దాటదు. పెద్ద ట్యాంకులో ఆవిరయ్యేది కొంత ఎక్కువే అయినా మార్పు మాత్రం నెమ్మదిగానే వస్తుంది. ఎండాకాలం వేడి అయినా, రాయి వెనక చచ్చిన నత్త వదిలే అమోనియా అయినా అంతే. చిన్న ట్యాంకులో పగడాలు చక్కగా పెంచేవాళ్లు లేకపోలేదు. వాళ్లు రెండు పూటలా ట్యాంకు ముందు కూర్చుని చూసుకునేవాళ్లు.

ఒక్క విషయం మరవకండి, బరువు. 200 లీటర్ల నీళ్లే 200 కిలోల పైన తూగుతాయి. రాళ్లు, ఇసుక, గాజు, స్టాండు కలిస్తే 300 దాకా వెళ్తుంది. నేల సమంగా, గట్టిగా ఉన్న చోట, నేరుగా ఎండ పడని చోట పెట్టండి. వెనక గోడకి ఆనించకుండా చెయ్యి పట్టేంత సందు వదలండి. నిండిన ట్యాంకును తర్వాత జరపలేరు.

ప్రశ్న: మా ఇంటికి సముద్రం దగ్గరే. నీళ్లు అక్కణ్నుంచే తెచ్చుకోవచ్చా? లేదా కుళాయి నీళ్లలో వంట ఉప్పు కలిపితే సరిపోదా?
– ఒక గృహిణి

జవాబు: వంట ఉప్పు వద్దమ్మా. అది దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో దానితోపాటు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, కార్బొనేట్లు ఉంటాయి. పగడం తన రాతి గూడు కట్టుకునేది వాటితోనే. ఒడ్డు దగ్గరి నీళ్లలో మురుగు, పడవల నూనె, వానకి కొట్టుకొచ్చిన ఎరువులు ఎంత కలిశాయో కంటికి తెలియదు. కాబట్టి అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు పొడి కొనండి.

ఇక కుళాయి నీళ్లు. క్లోరిన్, ఫాస్ఫేటు, సిలికేటు, అన్నిటికంటే ముఖ్యంగా పైపుల్లోంచి వచ్చే రాగి ఇక్కడ శత్రువులు. మనకేమీ చెయ్యని రాగి పాళ్లు రొయ్యలనీ నత్తలనీ చంపేస్తాయి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ గొట్టం ఉన్న ఫిల్టరు కావాలి, నీళ్లలో కరిగిన పదార్థాల్ని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. తాగే నీళ్ల ఆర్‌ఓ యంత్రాలు చాలావాటిలో రుచి కోసం చివర్లో మినరల్స్ కలుస్తాయి, అవి పనికిరావు.

కలిపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు పోసి దానిమీద నీళ్లు పోస్తే, ఆ చిక్కటి ద్రావణంలో కాల్షియం కార్బొనేటుగా మారి అడుగున తెల్లగా పేరుకుంటుంది, మళ్లీ కరగదు. బకెట్లో చిన్న పంపు వేసి, నీళ్లు తేటపడేదాకా తిరగనివ్వండి. 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత, అంటే ఉత్త నీళ్లతో పోలిస్తే ఎంత చిక్కన అన్నది, 1.026 వస్తే 35 పాళ్లు సరిపోయినట్టు. కొలవడానికి రిఫ్రాక్టోమీటరు కొనండి, ఒక చుక్క వేసి చూస్తే ఉప్పు పాళ్లు చూపిస్తుంది. దాన్ని ఉత్త నీళ్లతో కాకుండా 35 పాళ్ల ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోండి.

ట్యాంకు గాజుమీద నీటిమట్టం దగ్గర ఒక గీత పెట్టండి. ఆవిరై తగ్గిన మేరకు ఆ గీత దాకా రోజూ ఫిల్టరు చేసిన ఉప్పులేని నీళ్లే పొయ్యండి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు పెరుగుతూనే పోతుంది. కొత్తవాళ్ల ట్యాంకుల్లో పగడాలు ముడుచుకుపోయాయని చెప్పినప్పుడు నేను మొదట అడిగేది ఇదే.

ప్రశ్న: రాళ్లు, ఇసుక, నీళ్లు పెట్టి రెండు వారాలైంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేపలు వేసెయ్యమని షాపులో అంటున్నారు. వెయ్యనా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: ఇప్పుడే వద్దు బాబూ. నీళ్లు తేటగా ఉండడానికీ, చేప బతకడానికీ సంబంధం లేదు. అమోనియాకి రంగు లేదు.

చేప విసర్జించేది, తినకుండా మిగిల్చేది అమోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి నీళ్లలో తేలడం కంటే రాళ్ల గుల్లల్లో, ఇసుక రేణువుల మీదే కాపురం పెడతాయి. తగినంతగా పెరగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి తిండి కావాలి కదా, అందుకోసం ఒక చేపని బలిపెట్టే పాత అలవాటు మానండి. సీసాలో దొరికే అమ్మోనియం క్లోరైడు ద్రావణం కొలిచి వేస్తే చాలు. అమోనియా 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో రెండు) వచ్చేలా వేసి, 24 గంటల తర్వాత టెస్టు కిట్‌తో చూడండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చిన రోజున మీ ట్యాంకు సిద్ధం. అప్పుడు పేరుకున్న నైట్రేట్ పోవడానికి సగం దాకా నీళ్లు మార్చి, ఒక్క చేపతో మొదలుపెట్టండి. ఈ వారాలన్నీ లైట్లు ఆపే ఉంచండి, బ్యాక్టీరియాకి వెలుతురు అక్కర్లేదు, నాచుకి కావాలి.

మంచినీటి ట్యాంకు నడిపినవాళ్లకు ఇంకో మాట. ఉప్పునీటిలో నైట్రైట్ చేపలకి అక్కడంత హాని చెయ్యదు, నీళ్లలోని క్లోరైడు దాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. ఇక్కడ భయపడాల్సింది అమోనియాకే.

రాయి ఎంత ముఖ్యమో తెలియాలంటే పాత కథ ఒకటి చెప్పాలి. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాళ్లు, గాలి బుడగలు, వెలుతురు వీటితోనే పగడాలు పెంచిన తన పద్ధతిని ఒక అక్వేరియం పత్రికలో వివరించారు. ఇప్పుడు మనం వాడే పంపులూ, మురికిని నురగగా తీసే స్కిమ్మర్లూ ఏవీ ఆయన దగ్గర లేవు. పని చేసింది ఆ రాళ్లలోని బ్యాక్టీరియా. ఈ రోజుల్లో పొడిరాయి కొనుక్కోవడమే మేలు, సముద్రాన్ని తవ్వక్కర్లేదు, పురుగూ పుట్రా వెంట రావు. కాకపోతే అందులో బ్యాక్టీరియా మొదటినుంచీ పెరగాలి, అందుకే ఈ ఎదురుచూపు.

ప్రశ్న: తెల్లటి ఇసుక మీద గోధుమరంగు పొడి పరుచుకుంది. తుడిస్తే మర్నాటికి మళ్లీ వస్తోంది. ట్యాంకు పాడైపోయిందా?
– ఒక టీచరమ్మ

జవాబు: పాడవలేదు, వయసుకి వస్తోంది. అవి డయాటమ్స్ అనే సూక్ష్మజీవులు, నీళ్లలోని సిలికాతో పైపెంకు కట్టుకుంటాయి. ఆ సిలికా అయిపోగానే అవే పోతాయి. తర్వాత పచ్చటి నాచు పోగులు కొన్నాళ్లు కనిపించవచ్చు. నత్తలు నాలుగైదు వెయ్యండి, చేతికందిన నాచు పీకెయ్యండి. నాచు మందుల జోలికి పోవద్దు. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు, నాచు మీద కోపంతో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి తెచ్చేస్తారు. అప్పుడు డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగురు మొలుస్తుంది, బుడగలు పట్టుకుని సాగుతూ ఉంటుంది, దాన్ని వదిలించుకోవడం నెలల పని. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండనివ్వండి. పగడాలకీ కొంచెం తిండి కావాలి.

ప్రశ్న: నాకు తెల్ల చారల నారింజ రంగు చేప, నీలం చేప, వాటికి ఇల్లులా ఉండే పువ్వులాంటి జంతువు కావాలి. నాన్న 150 లీటర్ల ట్యాంకు కొన్నారు. మూడూ పెట్టుకోవచ్చా?
– ఆరో తరగతి చదివే పాప

జవాబు: నారింజ రంగు క్లౌన్ చేపలు తప్పకుండా పెట్టుకో తల్లీ, జంటగా. ఫారంలో పుట్టిన పిల్లల్నే అడిగి కొనమని నాన్నకి చెప్పు. నీలం టాంగ్ మాత్రం వద్దు. షాపులో నీ వేలంత ఉంటుంది కానీ 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. నీ ట్యాంకు దానికి ఇరుకు.

ఆ పువ్వులాంటి జంతువు ఎనిమోన్. అది లేకపోయినా క్లౌన్ చేపలు హాయిగా ఉంటాయి. నా ట్యాంకులో జంట ఎప్పుడూ ఒక లెదర్ పగడాన్నే ఒరుసుకుని పడుకుంటుంది. ఎనిమోన్‌కి కుదురుకున్న ట్యాంకు కావాలి, కనీసం ఆరు నెలలు ఆగాలి. నచ్చకపోతే అది నడుచుకుంటూ పోయి పంపులో పడుతుంది, పంపుకి జాలీ కట్టాలి.

ఇది మాత్రం నువ్వు తప్పక చూడాలి. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. ఆ పెద్దది దగ్గరికి రాగానే చిన్నది పక్కకి ఒరిగి, తల నుంచి తోక దాకా గజగజా వణుకుతుంది. జబ్బు చేసిందని భయపడకు, ‘నువ్వే పెద్దదానివి’ అని ఒప్పుకుంటోందంతే.

ప్రశ్న: మొదటి పగడాలుగా ఏవి మంచివి? లైటు ఎంత పెట్టాలి?
– చాలామంది

జవాబు: మష్రూమ్, లెదర్, గ్రీన్ స్టార్ పాలిప్స్. స్టార్ పాలిప్స్‌ని మాత్రం విడిగా ఒక రాయిమీద పెట్టండి, లేకపోతే ట్యాంకంతా పాకుతాయి. రెండు మూడు నెలలు ఇవి బాగుంటే డంకన్, హ్యామర్. హ్యామర్ రాత్రిపూట పొడవాటి కొనలు చాచి పక్కవాటిని కుడుతుంది, చుట్టూ జానెడు చోటు వదలండి. ఆక్రోపోరా అనే సున్నితమైన రాతి పగడం ఆలోచన మొదటి ఏడాది పెట్టుకోకండి.

పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి దానికి పెడుతుంది. లైటు ఒక్కసారిగా ఎక్కువైతే పగడం ఆ నాచునే బయటికి తోసేసి తెల్లబడుతుంది. అందుకని తక్కువతో మొదలుపెట్టి వారానికి కాస్త చొప్పున పెంచండి. నీళ్లలోని కార్బొనేట్ల మోతాదు చెప్పే ఆల్కలినిటీ 8 – 9 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 400 – 450 పీపీఎం, మెగ్నీషియం 1250 – 1350. ఆల్కలినిటీ ఎనిమిదా తొమ్మిదా అన్నది పెద్ద విషయం కాదు, ఈ రోజు ఏడు రేపు పదీ కాకూడదు. మెత్తటి పగడాలకు వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే వేరే మందులేవీ అక్కర్లేదు.

ప్రశ్న: కొన్న రాయిమీద జోవాంతిడ్ పగడాలు ఎక్కువగా పెరిగాయి. రాయిని ఉడకబెట్టి శుభ్రం చెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టకండి, వేణ్నీళ్లు కూడా పొయ్యకండి. జోవాంతిడ్లలో, ముఖ్యంగా పాలితోవా రకాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. రాయి మరిగించినప్పుడు వచ్చిన ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లోకి ఎక్కాయి.

వీటిని ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు ఉండాలి. చేతిమీద గాటు ఉంటే ఆ రోజు ఆ పని మానండి. గాలిలో పెట్టి బ్రష్‌తో తోమకండి, తుంపరలు ఎగురుతాయి. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ దూరంగా ఉంచండి. పని అయ్యాక నోట్లో చేదు లేదా లోహపు రుచి, చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, ఆయాసం అనిపిస్తే అందరూ గదిలోంచి బయటికి వచ్చేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ‘పాలిటాక్సిన్’ అన్న పేరు డాక్టరుకి చెప్పండి, చాలామందికి అది తట్టదు. భయపెట్టాలని రాయడం లేదు. జాగ్రత్తగా ఉంటే ఏళ్ల తరబడి పెంచుకోవచ్చు, నేనూ పెంచుతున్నాను.

ప్రశ్న: చేప ఒంటిమీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల మచ్చలు. రాగి మందు ట్యాంకులో వెయ్యనా?
– ఒక పాఠకురాలు

జవాబు: పగడాల ట్యాంకులో రాగి వెయ్యకూడదు. రొయ్యలు, నత్తలు, పగడాలు చస్తాయి, రాయి ఆ రాగిని పీల్చుకుని తర్వాత కూడా వదులుతుంది. ఆ మచ్చలు చాలావరకు క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవివి. చేపలన్నిటినీ వేరే ట్యాంకుకి మార్చి అక్కడ వైద్యం చెయ్యండి, అసలు ట్యాంకుని చేపల్లేకుండా రెండున్నర నెలలు వదిలెయ్యండి. తగిలే ఒళ్లు దొరక్క అది చస్తుంది. ఇకమీదట కొత్త చేప ఏదొచ్చినా ముందు కొన్ని వారాలు విడిగా ఉంచండి.

ప్రశ్న: సెలవుల్లో సముద్రం ఒడ్డున దొరికే పగడపు ముక్కలు ట్యాంకులో వెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ముట్టుకోకండి. రాతి పగడాలన్నీ, సముద్రపు గుర్రాలన్నీ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు. కొన్ని దేశాల్లో సముద్రంలోంచి తీసిన పగడం దగ్గర పెట్టుకోవడమే నేరం. మీ దేశపు చట్టం కనుక్కున్నాకే ఏదైనా కొనండి. పెంపకంలో విరిచి పెంచిన చిన్న ముక్కల్ని ఫ్రాగ్‌లంటారు. చట్టం ఒప్పుకున్న చోట వాటినే రశీదుతో తీసుకోండి.

ప్రశ్న: కరెంటు పోతే ఎంతసేపు ఫరవాలేదు?
– ఒక పాఠకుడు

జవాబు: మొదట తగ్గేది ఆక్సిజన్, వేడి కాదు. చేపలు ఎక్కువుంటే కొద్ది గంటల్లోనే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ముందే కొని పెట్టుకోండి, కరెంటు పోగానే పెట్టండి. ఆ సమయంలో మేత వెయ్యకండి. ఇన్వర్టరుంటే అలలు పుట్టించే పంపు ఒక్కటీ కలిపితే చాలు, లైట్లు అక్కర్లేదు. అలాగే ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా చూడండి. వైరు వెంట జారిన ఉప్పునీళ్లు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.