ఊగే పాన్‌కేక్ ఎందుకు కుంగిపోతుంది?

ప్రశ్న: రీల్స్‌లో పళ్లెం కదిపితే ఊగుతుందే, ఆ జపాన్ సూఫ్లే పాన్‌కేక్ చేశాను. పెనం మీద బాగానే పొంగింది, తీయగానే అట్టులా అణిగిపోయింది. బేకింగ్ పౌడర్ పెంచాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పెంచకండి, చేదెక్కుతుంది. దీన్ని నిలబెట్టేది తెల్లసొన నురగే. 2 గుడ్ల పచ్చసొనలో 2 టేబుల్ స్పూన్ల పాలు, 4 టేబుల్ స్పూన్ల మైదా, పావు టీస్పూన్ బేకింగ్ పౌడర్ కలపండి. తెల్లసొనలో పచ్చసొన చుక్క పడినా, గిన్నెకు జిడ్డున్నా నురగ సరిగా కట్టదు. అందులో నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, 2 టేబుల్ స్పూన్ల చక్కెర మూడు విడతలుగా చల్లుతూ గిలకొట్టండి. బీటర్ ఎత్తితే మొన నిటారుగా నిలవాలి. ఈ నురగను కొంచెం కొంచెంగా పచ్చసొన పిండిలో వేస్తూ, కింది నుంచి పైకి మడిచినట్టు కలపాలి. గిరగిరా తిప్పారో, గాలంతా పోయినట్టే.

మీ విషయంలో తప్పు బహుశా మంటది. సెగ ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది, కుంగేది ఆ పచ్చి భాగమే. బాగా సన్న సెగ మీద, పెనం అంచున చెంచాడు నీళ్లు చల్లి, మూతపెట్టి, ఒక్కోవైపు 5 నిమిషాలు ఉంచండి. పక్కన వేలితో తాకితే పిండి అంటకూడదు.

ఎంత బాగా చేసినా కాసేపటికి కొంత దిగుతుంది లెండి. వీడియోల్లో చూపేది పెనం మీంచి తీసిన వెంటనే!