కింద చుక్క కారకుండా కారు కూలెంట్ ఎక్కడికి పోతుంది?

విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ వేడెక్కుతోందని, ఎన్నిసార్లు పోసినా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోందని రాశారు. దయచేసి వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. మరిగే నీరు ముఖానికి చిమ్ముతుంది.

ఆటోనగర్‌లో ప్రెజర్ టెస్ట్ చేయించండి. ఇంజిన్ చల్లారాక కూలెంట్ తిరిగే వ్యవస్థలోకి గాలి ఎక్కిస్తారు. మీటరు ముల్లు దిగుతుంటే లీకు ఉన్నట్టే. గొట్టాల క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద టార్చి వేసి ఎండిన చారల కోసం వెతకండి. వేడి లోహం మీద పడిన చుక్క నేలకు చేరకముందే ఆవిరవుతుంది. ముందు సీటు కింద కార్పెట్ తడిస్తే అది ఏసీ నీరు కావచ్చు. జిగటగా, తియ్యని వాసనతో ఉంటే మాత్రం హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే, కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్) లీకే.

బయట ఏమీ దొరకకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే కూలెంట్ ఇంజిన్ సిలిండర్లలోకి పోకుండా ఆపే సీలును, అనుమానించాలి. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ, కూలెంట్ ట్యాంకులో బుడగలు కనిపిస్తే బండి నడపకుండా లాగించుకుని వెళ్లండి.