చూడ్డానికా, పలకరింపుకా?

(మాస్టారి జవాబులు: విజయనగరంలో ముప్పయ్యేళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చే జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మాది సోంపేట దగ్గర పల్లె. మా అన్నయ్య పాతికేళ్ళుగా అండమాన్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటున్నాడు. పండగ వెళ్ళాక పిల్లల్ని తీసుకుని వెళ్దామనుకుంటున్నాం. తెల్లవాళ్ళు స్వాతంత్ర్య యోధుల్ని ఉంచిన సెల్యులార్ జైలు చూపిస్తామంటే మా అత్తగారు పడనివ్వడం లేదు. "ఉరి తీసిన చోటు పిల్లలకి సూపిస్తారేటి? గాలి సోకుద్ది" అంటారు. మా ఆయనేమో అక్కడ లైట్ అండ్ సౌండ్ షో అదిరిపోతుందట, ఫోటోలు బాగా వస్తాయట అని హుషారు మీద ఉన్నారు. పిల్లలకి పదకొండు, ఏడు. ఏం చెయ్యమంటారు? (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట కొట్టిపారెయ్యకండి. మీ ఆయన హుషారు కంటే ఆవిడ భయమే నయం. అక్కడ మనుషులు చచ్చిపోయారన్న సంగతి ఆవిడకి గుర్తుంది. గాలి సోకడం మాటకొస్తే, నేను మాత్రం నమ్మను.

చావింటికి వెళ్ళడం మనకి కొత్తేమీ కాదు. గుమ్మంలోనే గొంతు తగ్గిస్తాం. చోటున్న దగ్గర కూర్చుంటాం. లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనం. ఇన్ని తెలిసినవాళ్ళం, టికెట్ కొనేసరికి అన్నీ మర్చిపోతాం. నా సంగతే చెబుతాను. ఆరేళ్ళ క్రితం రామేశ్వరం వెళ్ళి, అందరిలాగే ధనుష్కోటి కూడా చూసి వద్దామని బయల్దేరాం. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానుకి ఊరికి ఊరే పోయింది. స్టేషన్‌కి వస్తున్న పాసింజరు రైలు జనంతో సహా సముద్రంలో కలిసిపోయింది. ఇదంతా నేను క్లాసులో చెప్పిన పాఠమే. తీరా అక్కడికెళ్ళి ఏం చేశాను? వేయించిన చేప ముక్కలు కాగితంలో పొట్లం కట్టించుకుని, కూలిపోయిన చర్చిలో కాస్త ఎత్తుగా రాతి గట్టు కనిపిస్తే దాని మీద చతికిలబడ్డాను. మా ఆవిడ ఫోటో తీసింది. గవ్వల దండలు అమ్ముకునే ఒకావిడ గబగబా వచ్చి, అరవంలో ఏదో అంటూ లేవమని చెయ్యి ఊపింది. నాకు అర్థం కాలేదు. ఆవిడ ఆ గట్టు వైపు తిరిగి, నుదురూ గుండే తాకి దణ్ణం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది, నేను కూర్చున్నది పూజ జరిగిన చోటని. ఆ ఫోటో ఇంకా ఉంది. అందులో నేను నవ్వుతున్నాను.

అందుకని మీ ఆయన్ని మరీ ఏమీ అనలేను. జైలుకి తప్పకుండా వెళ్ళండి. షో సాయంత్రం ఉంటుంది, అది ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు వెళ్ళండి. 1896లో మొదలుపెట్టి 1906 నాటికి కట్టారు. ఏడు వరసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక వరస ముందు భాగం ఇంకో వరస వీపు వైపుకి ఉంటుంది. ఎదుటి ఖైదీ మొహం కూడా కనబడకూడదని అలా కట్టారు. పిల్లల్ని ఒక గదిలో ఒక నిమిషం ఊరికే నిలబెట్టండి, మాట్లాడకుండా. ఉరికొయ్యలున్న చోటికి చిన్నవాణ్ణి తీసుకెళ్ళొద్దు. ఒకే దెబ్బకి ముగ్గుర్ని ఉరి తీసే ఏర్పాటది. పెద్దపిల్ల అడిగితే చూపించండి, అడక్కపోతే వదిలెయ్యండి.

గానుగ దగ్గర మాత్రం ఆగండి. ఖైదీల్ని ఎద్దుల్లా కట్టి తిప్పించేవారు. రోజుకి 30 పౌన్ల కొబ్బరి నూనె తియ్యాలి, అంటే పదమూడున్నర కిలోల పైమాటే. తగ్గితే దెబ్బలు. మీది ఉద్దానం, కొబ్బరి సంగతి మీకు నేను చెప్పాలా? వెళ్ళేముందు పిల్లల్ని కూర్చోబెట్టి, పదమూడున్నర కిలోల నూనెకి ఎన్ని కాయలు ఎండబెట్టాలో లెక్క చెప్పమని మీ అత్తగారినే అడగండి. ఆవిడ లెక్క చెప్పాక పిల్లల్ని ఆపుతారని నేననుకోను.

ప్రశ్న: మాస్టారూ, మాది కొత్తవలస వైపు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర రెండు పాసింజర్లు గుద్దుకుని 14 మంది పోయారు కదా. మర్నాడు పొద్దున్నే ఫ్రెండుతో బండేసుకుని చూడ్డానికి వెళ్ళాను. వీడియో తీసి స్టేటస్ పెట్టాను. అందులో మూత ఊడిపోయిన టిఫిన్ క్యారేజీ ఒకటి కనిపిస్తుంది. అది ఇంకా ఫోన్‌లో ఉంది. తీసెయ్యబుద్ధి కాదు, చూడబుద్ధీ కాదు. ప్రపంచమంతా ఇలాంటి చోట్లకి టూర్లు వెళ్తున్నారు, నాదే తప్పా?

జవాబు: తప్పే బాబూ. టూర్ల సంగతి నిజమే. దానికి డార్క్ టూరిజం అని 1996లో స్కాట్లండ్‌లో ఇద్దరు అధ్యాపకులు, జాన్ లెనన్, మాల్కం ఫోలీ, పేరు కూడా పెట్టారు (పాటల లెనన్ కాదు, ఈయన వేరు). కానీ పోలండ్‌లో ఆష్విట్జ్ సంగతి చూడు. పదకొండు లక్షల మందిని చంపిన చోటు. 1945 జనవరిలో విడుదలైతే 1947కల్లా మ్యూజియం అయింది. రెండేళ్ళే. ఇంత తొందరేమిటని నేనూ అనుకునేవాణ్ణి. పట్టుబట్టి దాన్ని నిలబెట్టింది అందులోంచి బతికి బయటపడ్డ ఖైదీలే అని తర్వాత చదివాను. వచ్చి చూడండని ఆ ఇంటివాళ్ళే తలుపు తీశారు. నువ్వు వెళ్ళిన పొద్దున్న నిన్నెవరు పిలిచారు? అప్పటికి కొంతమంది తమవాళ్ళ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారు.

రక్తమిచ్చి ఉంటే, ఎవరినైనా బండెక్కించి ఆసుపత్రిలో దింపి ఉంటే నీ జవాబు వేరేగా రాసేవాణ్ణి. ఆ క్యారేజీ ఎవరింటిదో, ఆ ఇంటివాళ్ళు చూస్తే గుర్తుపట్టేస్తారు. ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ వీడియో తీసెయ్. ఫ్రెండు ఫోన్‌లోంచి కూడా.

ప్రశ్న: హైదరాబాదు నుంచి మా బావగారొస్తే బొబ్బిలి యుద్ధ స్తంభం చూపించాను. "ఇంతేనా? కోట ఏదీ?" అన్నారు. తల కొట్టేసినట్టయింది. ఏం చెప్పాలి?

జవాబు: కోట లేదనే చెప్పండి. అది మట్టికోట. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేన కలిసి దాన్ని నేలమట్టం చేశాయి. ఇక నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ శత్రువుల చేతికి చిక్కకూడదని తామే చంపుకున్నారు. ఒక పసివాడు మాత్రం బతికాడు. మళ్ళీ వంశం నిలబడింది వాడితోనే. ఇంత జరిగాక చూడ్డానికి ఏం మిగులుతుంది? ఈసారి వచ్చినప్పుడు కారు దూరంగా ఆపి, ఈ కథ ముందు చెప్పి, అప్పుడు నడిపించుకుని తీసుకెళ్ళండి.

ఒక్క జాగ్రత్త. నేను విజయనగరం వాణ్ణి, మా ఆవిడది బొబ్బిలి. పెళ్ళయిన కొత్తలో ఆ స్తంభం దగ్గర నిలబడి, "మా రాజు విజయరామరాజుని మాత్రం మీ తాండ్ర పాపారాయుడు రాత్రిపూట డేరాలో దూరి చంపలేదా?" అన్నాను. బస్సు విజయనగరం చేరేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. మీ బావగారికి మా ఊరితో చుట్టరికం ఏమైనా ఉందేమో ముందు కనుక్కోండి.